ఎమిలీ డికిన్సన్: జీవితం, ఉత్తరాలు, కవిత్వం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమిలీ డికిన్సన్ ఎవరు?

ఎమిలీ డికిన్సన్ 1830 డిసెంబరు 10న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది; 1886 మే 15న, యాభై అయిదేళ్ళ వయసులో, అదే ఊళ్ళో, పుట్టిన ఇంట్లోనే కన్నుమూసింది. ఆమె తాత శామ్యూల్ ఫౌలర్ డికిన్సన్ ఆమ్‌హర్స్ట్ కళాశాల స్థాపకుల్లో ఒకడు. ఆ కళాశాలను నిలబెట్టడం కోసం తన ఆస్తినంతా కరగదీసుకున్నాడు. తండ్రి ఎడ్వర్డ్ పేరున్న న్యాయవాది, అదే కళాశాలకు చాలాకాలం కోశాధికారి, ఒక దఫా అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కూడా. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోకుండా పుట్టింట్లోనే ఉండిపోయారు.

ఆమె రాసిన కవితలు దాదాపు 1,800. బతికి ఉన్నప్పుడు అచ్చులో కనబడినవిగా తెలిసినవి పది మాత్రమే. వాటిలో ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు.

ఆమె గడప దాటని మనిషి అంటారు. అది ఎంతవరకు నిజం?

సగం నిజం. చిన్నతనంలో, యౌవనంలో ఆమె అందరు ఆడపిల్లల్లాగే బడికి వెళ్ళింది, విందులకు వెళ్ళింది, స్నేహితులతో కొండల మీద తిరిగింది. 1855లో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా నగరాలు చూసి వచ్చింది. 1864లోనూ 1865లోనూ కంటి జబ్బుకు వైద్యం కోసం బోస్టన్ దగ్గర నెలల తరబడి ఉంది. ఆ తరవాత మాత్రం ఊరు విడిచి వెళ్ళలేదు. 1869లో ఒక మిత్రుడు బోస్టన్ రమ్మని పిలిస్తే, తండ్రి నేల దాటి ఏ ఇంటికీ ఏ ఊరికీ తాను వెళ్ళనని తేల్చి రాసింది.

క్రమంగా ఇంటికి వచ్చినవాళ్ళకు కూడా కనబడడం తగ్గించింది. కొందరితో ఓరగా తెరిచిన తలుపు వెనక నుంచి మాట్లాడేది. 1881లో ఆ ఊరికి కొత్తగా వచ్చిన మేబెల్ లూమిస్ టాడ్ అనే యువతి, ఇక్కడివాళ్ళు ఒకావిడను 'పుక్కిటి పురాణం' అన్నట్టుగా చెప్పుకుంటున్నారని తల్లిదండ్రులకు ఉత్తరం రాసింది. మరుసటి ఏడాది ఆమె డికిన్సన్ల ఇంటి హాల్లో పియానో వాయిస్తూ పాడుతుంటే, ఎమిలీ లోపలి చీకటిలో కూర్చుని వింది; పాట అయ్యాక ఒక గ్లాసు షెర్రీ వైన్, దానితోపాటు ఒక కవిత పంపింది, తాను మాత్రం రాలేదు. తరవాతి కాలంలో ఎమిలీ కవితలకు సంపాదకురాలైన ఈ మేబెల్, ఎమిలీతో ఒక్కసారి కూడా ముఖాముఖి మాట్లాడలేదు.

ఆ ఏకాంతానికి ప్రేమ వైఫల్యమనీ, నరాల జబ్బనీ, మతంతో పడిన ఘర్షణ అనీ రకరకాల కారణాలు ప్రతిపాదించారు. వీటన్నిటి మధ్య ఒక సాదా సంగతి మరుగున పడిపోతుంది. తల్లి 1875లో పక్షవాతంతో మంచం పట్టి 1882లో పోయేదాకా, ఆ ఏడేళ్ళూ ఆమెకు సేవ చేసినది కూతుళ్ళే. ఇంట్లో ఉండిపోవడం వేరు, ఏ పనీ లేకుండా ఉండడం వేరు.

అయితే ఇంట్లో ఆమె చేసే పని ఏమిటి?

వంట, తోటపని, ఉత్తరాలు. రొట్టె కాల్చడం ఆమె వంతు. ఆమె చేస్తే తప్ప తండ్రికి రొట్టె రుచించేది కాదట. 1856లో ఊరి పశువుల సంతలో జరిగిన పోటీలో, రై పిండీ మొక్కజొన్న పిండీ కలిపి ఆమె చేసిన రొట్టెకు రెండో బహుమతి వచ్చింది. అల్లం కేకు ముక్కలు బుట్టలో పెట్టి, పైగది కిటికీలోంచి తాడుతో దించి, కింద ఆడుకునే పిల్లలకు అందించేది.

మొక్కల మీద ఆమె ఆసక్తి కాలక్షేపం స్థాయిది కాదు. బడిలో చదువుకునే రోజుల్లోనే 424 మొక్కల నమూనాలను ఎండబెట్టి, పుస్తకంలో అతికించి, చాలావాటికి శాస్త్రీయ నామాలు రాసిపెట్టింది. ఆ పుస్తకం ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. తండ్రి ఇంటికి ఆనుకుని ఒక అద్దాల గది కట్టించి ఇచ్చాడు; చలికాలంలో బయట మంచు పడుతుంటే ఆమె అందులో పూలు పూయించేది. కోసిన పువ్వు ఒకటి చాలాసార్లు ఆమె ఉత్తరంతోపాటు వెళ్ళేది.

ఎంతవరకు చదువుకుంది? మతవిశ్వాసం ఉందా?

ఆమ్‌హర్స్ట్ అకాడమీలో ఏడేళ్ళు, ఆ తరవాత 1847–48లో మౌంట్ హోలియోక్ మహిళా విద్యాలయంలో ఒక్క సంవత్సరం చదివింది. మౌంట్ హోలియోక్‌లో విద్యార్థినులను విశ్వాసాన్ని బట్టి మూడు తరగతులుగా చూసేవారు: విశ్వాసం ప్రకటించినవారు, ఆశ ఉన్నవారు, ఆశ లేనివారు. ఎమిలీ చివరిదాకా మూడో తరగతిలోనే ఉంది. ఊరంతా మతోజ్జీవన సభల్లో మునిగి, ఇంట్లో తండ్రీ అన్నా చెల్లీ చర్చిలో చేరినా ఆమె చేరలేదు. కొందరు ఆదివారం చర్చికి వెళ్ళి ఆచరిస్తారు, నేను ఇంట్లో ఉండి ఆచరిస్తాను అనే అర్థం వచ్చే కవిత ఒకటి ఆమెది ప్రసిద్ధం. అందులో పక్షి భజన పాడుతుంది, పండ్లతోట గుడి గోపురమవుతుంది. బైబిలు భాష మాత్రం ఆమె ఒంట్లో ఇంకిపోయింది. దేవుడితో ఆమె వాదించింది కూడా ఆ భాషలోనే.

ఉత్తరాలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? కవిత్వం చదివితే చాలదా?

ఆమె విషయంలో ఈ రెండూ వేరు వేరు గూళ్ళలో ఉన్న వస్తువులు కావు. అచ్చు యంత్రాన్ని వద్దనుకున్న ఆమె తన కవిత్వాన్ని పాఠకులకు చేర్చింది టపా ద్వారానే. ఒక ఉత్తరం మామూలు వచనంతో మొదలై, ఎక్కడా చెప్పకుండా కవితలోకి జారిపోతుంది. మరో ఉత్తరంలో కవిత తప్ప ఇంకేమీ ఉండదు. పైన పేరు, కింద సంతకం, అంతే. అదే కవిత మరో మనిషికి వెళ్ళేటప్పుడు ఒక మాట మారుతుంది, ఒక చరణం తగ్గుతుంది. ఎవరికి పంపిందో తెలిస్తే తప్ప ఏ మాట ఎందుకు మారిందో మనకు బోధపడదు.

ఉత్తరం తనకెప్పుడూ అమరత్వంలా తోస్తుందనీ, దేహంతో వచ్చే నేస్తం లేకుండా మనసొక్కటే అందులో ఉంటుందనీ ఆమె 1869లో రాసింది. 'ఇది లోకానికి నా ఉత్తరం, నాకెన్నడూ రాయని లోకానికి' అని మొదలయ్యే కవితను, మొదటి సంపుటి సంపాదకులు పుస్తకానికి ముందుమాటలా వాడుకున్నారు. దాన్ని కేవలం ఉపమానం అనుకుని దాటిపోకూడదని నా అభిప్రాయం. కవిత అంటే ఆమెకు నిజంగానే ఒక చిరునామాకు వెళ్ళే వస్తువు.

మొత్తం ఎన్ని ఉత్తరాలు దొరికాయి? ఎవరెవరికి రాసింది?

థామస్ జాన్సన్, థియోడోరా వార్డ్ 1958లో తెచ్చిన సంపుటాల్లో 1,049 ఉత్తరాలు ఉన్నాయి. క్రిస్టాన్ మిల్లర్, డోనల్ మిచెల్ 2024లో తెచ్చిన కొత్త సంకలనంలో 1,304 ఉన్నాయి. కొత్త సంకలనంలో, ఉత్తరంలాగా పంపిన కవితలను కూడా ఉత్తరాలుగానే లెక్కించడం ఈ పెరుగుదలకు ఒక కారణం.

అందుకున్నవారిలో బడి స్నేహితురాలు అబయా రూట్, అన్న ఆస్టిన్, పక్కింట్లో ఉండే వదిన సూసన్, 'స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్' పత్రిక సంపాదకుడు శామ్యూల్ బౌల్స్, స్నేహితురాలు ఎలిజబెత్ హాలండ్, నార్‌క్రాస్ ఇంటిపేరున్న పిన్ని కూతుళ్ళు లూయీసా, ఫ్రాన్సెస్ ముఖ్యులు. నార్‌క్రాస్ అక్కచెల్లెళ్ళు అసలు ఉత్తరాలను తమ దగ్గరే ఉంచుకుని, తాము ఎంచుకున్న భాగాలకు నకళ్ళు మాత్రమే ఇచ్చారు. అందువల్ల ఆ వరుసలో మనకు మిగిలినది వాళ్ళు చూపించదలచుకున్నంత మేరకే.

ఇంకో లోటు ఇంతకన్నా పెద్దది. ఆమెకు వచ్చిన ఉత్తరాలను, ఆమె కోరిక ప్రకారం, మరణం తరవాత లవీనియా తగలబెట్టింది. ఆ కాలపు ఇళ్ళలో అది వాడుకే, తప్పుపట్టవలసిన పని కాదు. కానీ దాని ఫలితంగా ఈ సంభాషణలో మనకు ఒక గొంతే వినబడుతుంది. రెండో గొంతు ఏమని ఉంటుందో ఆమె జవాబులను బట్టి ఊహించుకోవాలి.

హిగ్గిన్‌సన్ ఎవరు? ఆమె కవిత్వాన్ని ఆయన అర్థం చేసుకోలేదని అంటారు కదా?

థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ రచయిత, మతాచార్యుడు, బానిసత్వ నిర్మూలన కోసం పోరాడినవాడు. అంతర్యుద్ధంలో, విముక్తి పొందిన నల్లజాతి సైనికుల దళానికి నాయకత్వం వహించాడు. 1862 ఏప్రిల్‌లో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో కొత్త రచయితలకు సలహాలిస్తూ అతను ఒక వ్యాసం రాశాడు. అది చదివి ఎమిలీ అదే నెల 15న అతనికి ఒక ఉత్తరం రాసింది, నాలుగు కవితలు జతపరిచింది. తన పద్యానికి ప్రాణం ఉందో లేదో చెప్పడానికి తీరిక ఉందా అన్నది ఆ ఉత్తరంలో మొదటి వాక్యం. ఉత్తరం కింద సంతకం లేదు; తన పేరు ఒక కార్డు మీద రాసి, దాన్ని విడిగా చిన్న కవరులో పెట్టి, ఆ కవరును పెద్ద కవరులో పెట్టింది.

అతను ఫొటో అడిగితే, తన దగ్గర లేదంటూ మాటలతోనే ఒకటి గీసి పంపింది: తాను రెన్ పిట్టలా చిన్నదాన్ననీ, జుట్టు చెస్ట్‌నట్ కాయ పెంకులా మొండిదనీ, కళ్ళు అతిథి గ్లాసులో మిగిల్చిపోయిన షెర్రీ వైన్ లాంటివనీ. ముప్ఫై ఒకటేళ్ళ వయసులో ఒక అపరిచితుడికి ఇలా రాసిన మనిషిని బిడియస్థురాలు అనే ఒక్క మాటతో ముగించడం కుదరదు.

1870 ఆగస్టు 16న అతను ఆమెను చూడడానికి ఆమ్‌హర్స్ట్ వచ్చాడు. ఎమిలీ తెల్లటి దుస్తుల్లో మెత్తగా నడిచివచ్చి, రెండు లిల్లీ పూలను చిన్నపిల్లలా అతని చేతిలో పెట్టి, ఇవే తన పరిచయం అంది. ఆ తరవాత ఆగకుండా మాట్లాడింది. ఏ పుస్తకం చదివితే ఏ నిప్పూ వెచ్చబరచలేనంతగా ఒళ్ళంతా చల్లబడుతుందో, నడినెత్తి ఎగిరిపోయినట్టు అనిపిస్తుందో అదే కవిత్వమని తనకు తెలుస్తుందని ఆమె అన్నది ఆ రోజే. తన నరాల శక్తిని ఇంతగా పీల్చేసిన మనిషిని ఇదివరకు ఎరగనని హిగ్గిన్‌సన్ భార్యకు రాశాడు. ఆమె పొరుగున తాను ఉండనందుకు సంతోషం అని కూడా రాశాడు.

అర్థం చేసుకోలేదన్న మాట కొంత నిజమే. ఆమె పద్యాల నడక కుదుపులతో ఉందని అతనికి తోచింది, అచ్చుకు తొందరపడవద్దని చెప్పాడు. కానీ ఇరవై నాలుగేళ్ళపాటు ఉత్తరాలకు జవాబిస్తూనే ఉన్నాడు. ఆమె అతన్ని గురువుగా సంబోధించేది, అతని సలహాలను మాత్రం ఒక్కటీ పాటించలేదు. 1866లో ఆమె పెంపుడు కుక్క కార్లో చనిపోయినప్పుడు, కార్లో పోయింది, ఇప్పుడు నాకు పాఠం చెబుతారా అనే అర్థంలో రెండు ముక్కలు రాసి పంపింది. అంత పొదుపుగా దుఃఖాన్ని ఒప్పుకోవడానికి ఎదుటి మనిషి మీద ఎంతో కొంత నమ్మకం ఉండి తీరాలి.

సూసన్‌తో ఆమె అనుబంధం ఎలాంటిది?

సూసన్ గిల్బర్ట్, ఎమిలీ ఒకే నెలలో, తొమ్మిది రోజుల తేడాతో పుట్టారు. 1856లో సూసన్ ఆస్టిన్‌ను పెళ్ళి చేసుకుని పక్కనే 'ఎవర్‌గ్రీన్స్' అనే ఇంట్లో కాపురం పెట్టింది. ఎమిలీ తన కవితలను అందరికన్నా ఎక్కువగా పంపినది ఈ వదినకే. ఆ సంఖ్య 250 దాకా ఉంటుంది. వాళ్ళిద్దరూ కవితల మీద చర్చించుకున్న జాడలు కూడా మిగిలాయి: ఒక కవిత రెండో చరణం సూసన్‌కు నచ్చలేదంటే, ఎమిలీ కొత్త చరణం రాసి పంపి, ఇది బాగుందా అని అడిగింది.

తొలినాటి ఉత్తరాల్లోని భాష గాఢమైన ప్రేమ భాష. కొన్ని ప్రతుల్లో సూసన్ ప్రస్తావనలను ఎవరో చెరిపివేశారు. దీనిని స్నేహం అనాలా, ప్రేమ అనాలా అన్న వాదం ఇంకా సాగుతూనే ఉంది. ఏ పేరు పెట్టినా, ఆమె కవిత్వానికి మొదటి పాఠకురాలు ఎవరన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారదు.

'మాస్టర్' అని ఆమె సంబోధించినది ఎవరిని?

1850ల చివర, 1860ల మొదట్లో రాసినవిగా భావించే, 'మాస్టర్' అన్న పిలుపుతో ఉన్న మూడు చిత్తు ఉత్తరాలు ఆమె కాగితాల్లో దొరికాయి. ఫిలడెల్ఫియా మతబోధకుడు చార్లెస్ వాడ్స్‌వర్త్ పేరు, బౌల్స్ పేరు ఎక్కువగా వినబడతాయి. రుజువు దేనికీ లేదు. శుభ్రమైన ప్రతులు ఎవరికైనా వెళ్ళాయనడానికీ లేదు. జీవిత చరిత్రకారులు ఈ మూడు ఉత్తరాల మీద వెచ్చించిన పేజీల్లో సగం ఆమె ఛందస్సుకు కేటాయించి ఉంటే పాఠకులకు ఎక్కువ మేలు జరిగేది.

ఆమె ఛందస్సు ఏమిటి? పద్యం నిండా ఆ అడ్డగీతలు ఎందుకు?

ఆమె ఎక్కువగా వాడినది చర్చి కీర్తనల నడక: ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరాల పాదాలు. పొడుగు పాదం, పొట్టి పాదం ఒకదాని తరవాత ఒకటి రావడం ఆటవెలది తెలిసిన మనకు కొత్త కాదు. వేమన లాగే ఆమె కూడా పామరుల నోట నలిగిన నడకను తీసుకుని, అందులో ఎవరూ ఊహించని మాటలు పెట్టింది.

అంత్యప్రాసను మాత్రం కావాలనే వంకర చేసింది. ఆశను ఆత్మలో వాలిన రెక్కల ప్రాణిగా చెప్పే ప్రసిద్ధ కవితలో 'సోల్' అన్న మాటకు 'ఆల్' అన్న మాటను జతచేసింది. కలిసినట్టే ఉంటుంది, పూర్తిగా కలవదు. చెవి ఒక మెట్టు కిందికి వేసిన కాలులా తూలుతుంది. సత్యమంతా చెప్పు, కానీ ఏటవాలుగా చెప్పు అన్న ఆమె మాట ఆమె ప్రాసకు కూడా వర్తిస్తుంది.

అడ్డగీతలు కామాకు బదులు పెట్టినవి కావు. అవి ఊపిరి ఆగే చోట్లు, మాట తెగే చోట్లు. చేతిరాతలో కొన్ని పైకి, కొన్ని కిందికి వాలి ఉంటాయి. చాలా ప్రతుల్లో ఒక మాట పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టి, కవిత అడుగున ప్రత్యామ్నాయ పదాలు రాసింది, దేన్నీ కొట్టివేయలేదు. ఏది తుది మాటో తేల్చకుండా అలాగే వదిలేసింది.

బతికుండగా ఎందుకు అచ్చు వేయించుకోలేదు?

ప్రచురణ అంటే మనిషి మనసును వేలం వేయడం అని ఒక కవితలో అన్నది. స్వానుభవం కూడా చేదుగానే ఉంది. 1866లో గడ్డిలో పాకే పామును గురించిన కవిత 'స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్'లో ఆమె ప్రమేయం లేకుండా వచ్చింది. మూడో పాదం చివర వాళ్ళు పెట్టిన విరామచిహ్నం, ఒక్కటిగా ఉండవలసిన మూడు, నాలుగు పాదాలను విడగొట్టిందని ఆమె హిగ్గిన్‌సన్‌కు ఫిర్యాదు చేసింది. ఒక చిహ్నం కోసం అంత బాధపడినవారికి సంపాదకుల చేతులంటే భయం ఉండడంలో వింత లేదు.

అదే ఊళ్ళో పుట్టిన రచయిత్రి హెలెన్ హంట్ జాక్సన్ మాత్రం ఆమెను వదలలేదు. నువ్వు గొప్ప కవివి, గొంతెత్తి పాడకపోవడం నీ కాలానికి నువ్వు చేస్తున్న అన్యాయం అని నిలదీసింది. ఆమె ఒత్తిడి మీదనే 1878లో, రచయితల పేర్లు లేని ఒక సంకలనంలో, గెలుపు తీపి ఎన్నడూ గెలవనివారికే తెలుస్తుందన్న కవిత వెలువడింది. దాన్ని ఆనాటి ప్రసిద్ధ కవి ఎమర్సన్ రాసి ఉంటాడని కొందరు అనుకున్నారు.

అచ్చును కాదన్నది గానీ పుస్తకాన్ని కాదనలేదు. 1858 నుంచి ఆరేడేళ్ళపాటు, కవితలను శుభ్రంగా తిరగరాసి, మడిచిన కాగితాలను దొంతరగా పేర్చి, అంచున రెండు రంధ్రాలు పొడిచి దారంతో కట్టింది. అలాంటి చేతికుట్టు పుస్తకాలు నలభై. వాటిలో 800కు పైగా కవితలున్నాయి.

ఆమె ఎలా చనిపోయింది?

చివరి పన్నెండేళ్ళలో చావులు వరసగా వచ్చాయి: తండ్రి, బౌల్స్, తల్లి, 1883లో టైఫాయిడ్‌తో ఎనిమిదేళ్ళ మేనల్లుడు గిబ్, మరుసటి ఏడాది ఆమె ప్రేమించిన న్యాయమూర్తి ఓటిస్ లార్డ్. వైద్యుడు ఆమె మరణకారణంగా మూత్రపిండాల జబ్బు పేరు రాశాడు; తీవ్రమైన రక్తపోటు అయి ఉంటుందని తరవాతి పరిశోధకుల వాదన. నార్‌క్రాస్ అక్కచెల్లెళ్ళకు రాసిన ఆఖరి చీటీలో పిలుపు, సంతకం పోగా మిగిలినవి రెండే మాటలు: 'వెనక్కు పిలిచారు'. సమాధి రాతి మీద ఉన్నవీ అవే. తెల్ల శవపేటికను ఇంట్లో పనిచేసిన ఐరిష్ పనివాళ్ళు ఆరుగురు మోశారు. ఆమె కోరిక ప్రకారం వీధి దారిన కాకుండా, పెరటి దారిన, పొలాల మీదుగా శ్మశానానికి తీసుకువెళ్ళారు.

కవితలు లోకానికి ఎలా తెలిశాయి? ఆ తగాదా ఏమిటి?

ఆమె పోయాక లవీనియాకు కాగితాల కట్టలు దొరికాయి. అన్ని కవితలుంటాయని ఆమె ఊహించలేదు. మొదట సూసన్‌కు ఇచ్చింది. పని సాగడం లేదని వాటిని మేబెల్ టాడ్‌కు అప్పగించింది. ఇక్కడే చిక్కుముడి పడింది: మేబెల్ అప్పటికే ఆస్టిన్‌తో, అంటే సూసన్ భర్తతో, సంబంధంలో ఉంది. మేబెల్, హిగ్గిన్‌సన్ కలిసి 1890 నవంబరులో బోస్టన్‌లో 115 కవితలతో మొదటి సంపుటి తెచ్చారు. రెండేళ్ళలో పదకొండు ముద్రణలు అయ్యాయి. 1894లో ఉత్తరాలు రెండు సంపుటాలుగా వచ్చాయి.

ఆస్టిన్ మరణించాక ఒక చిన్న స్థలం విషయమై లవీనియా, మేబెల్ 1898లో కోర్టుకెక్కారు. లవీనియా గెలిచింది. మేబెల్ తన దగ్గరున్న చేతిరాత ప్రతులను పెట్టెలో పెట్టి తాళం వేసింది. అందులోని 600కు పైగా కవితలు ఆమె కూతురు మిల్లిసెంట్ చేతుల మీదుగా 1945లో గానీ బయటికి రాలేదు. సూసన్ వైపు కాగితాలను ఆమె కూతురు మార్తా 1914 నుంచి విడిగా అచ్చువేసింది. అంటే గట్టు తగాదా లాంటిదొకటి ఒక కవి పాఠాన్ని యాభై ఏళ్ళపాటు రెండు ఇళ్ళ మధ్య చీల్చింది.

ఏ ప్రతి చదవాలి?

1890ల నాటి ప్రతులను నమ్మవద్దు. మృత్యువు బండి కట్టుకుని వచ్చి తనను ఎక్కించుకున్న కవితే తీసుకోండి. మూడో చరణంలో బండి అస్తమించే సూర్యుణ్ణి దాటిపోతుంది. నాలుగో చరణం, కాదు, అతడే మమ్మల్ని దాటిపోయాడు అని దిద్దుతుంది. వెంటనే మంచు వణికిస్తుంది, ఒంటి మీద ఉన్నది పలచని గుడ్డేనని తెలుస్తుంది. 1890లో 'రథం' అని పేరు పెట్టి ఆ నాలుగో చరణాన్ని తీసేశారు. చలి పోయింది, దానితో భయమూ పోయింది. ఆ పేరు కూడా ఆమెది కాదు. ఆమె దాదాపు ఏ కవితకూ పేరు పెట్టలేదు.

థామస్ జాన్సన్ 1955లో 1,775 కవితలను ఆమె గీతలతో, ఆమె పెద్దక్షరాలతో అచ్చువేశాడు. రాల్ఫ్ ఫ్రాంక్లిన్ 1998 నాటి ప్రతిలో 1,789 ఉన్నాయి. ఒకే కవితకు ఈ ఇద్దరి సంఖ్యలు వేరుగా ఉంటాయి కనుక, ఎవరైనా సంఖ్యతో కవితను ప్రస్తావిస్తే అది ఎవరి సంఖ్యో చూసుకోవాలి.

చేతిరాత ప్రతులను చూడవచ్చా?

చూడవచ్చు. అవి ప్రధానంగా హార్వర్డ్‌లోనూ ఆమ్‌హర్స్ట్ కళాశాలలోనూ ఉన్నాయి. 2013 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. పదహారేళ్ళ వయసులో తీయించుకున్న, నిస్సందేహంగా ఆమెదేనని అందరూ ఒప్పుకునే ఒకే ఒక్క ఫొటో కూడా ఆమ్‌హర్స్ట్ కళాశాలదే.

చివరి ఏళ్ళ కాగితాలను ప్రత్యేకంగా చూడమని చెబుతాను. అప్పటికి ఆమె పుస్తకాలు కుట్టడం మానేసింది. చేతికి దొరికిన దాని మీద రాసేది. విప్పి పరిచిన కవర్లు, వాటి జిగురు అంచున త్రికోణంలో ఇరుక్కున్న పాదాలు, దుకాణం రసీదుల వెనక పెన్సిలు రాతలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి, స్నేహితురాలు ఇచ్చిన కొబ్బరి కేకు తయారీ రాసిన కాగితం. తిరిగి రాలేనివి ఎన్నో ఉన్నాయి అని మొదలయ్యే కవిత దాని వెనక ఉంది.